మా అన్న తినిపించిన వసకొమ్ము

మా అన్న జయరామప్ప ఏది చేసినా అతిగానే చేస్తాడు. సూళగిరిలో టమాట తోటకు నీళ్లు పెట్టమంటే గట్టు తెగేదాకా పెట్టే రకం. అలాంటి మనిషితో ఎవరో, నీ కూతురు భువన గొంతు బంగారమని అన్నారు. ఇక చెప్పాలా!

పసిపిల్లలకు మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మా వైపు మామూలే. భువన చిన్నప్పుడు ఒకటే వాగుడు. "దీనికి వస ఎక్కువైనట్టుండాది" అని అందరూ నవ్వేవాళ్లు. ఆ పిల్లకు పదిహేనేళ్లప్పుడు, తొంభై తొమ్మిదిలో, కృష్ణగిరిలో ఒక సంగీత సభవాళ్లు పాటకు పరీక్ష పెట్టారు. నెగ్గిన ఒక్కరిని మద్రాసు పంపి చదివిస్తారట. అంతే, మా అన్న ఇంట్లో పెరుగు బంద్, చల్లనీళ్లు బంద్, చివరికి నవ్వు కూడా బంద్. నవ్వితే గొంతు అరుగుతుందట! వదిన మంజులమ్మ నోరెత్తితే కసిరేవాడు. భువన సాధన చేసినంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, శ్రుతి తప్పితే పెదవి చప్పరించేవాడు. వసపిట్ట లాంటి పిల్ల మాటలే మానేసింది.

పరీక్ష రోజు తోడుకు నన్ను పిలిచాడు. బస్సెక్కే ముందు జేబులోంచి బొటనవేలంత వసకొమ్ము తీశాడు.

"నమలమ్మా. పసిబిడ్డకు రవ్వంత రాస్తేనే మాటలొస్తాయే, ఇదంతా తింటే గొంతు ఎట్ల తెరుచుకుంటుందో చూడు!"

"అన్నా, నీకేమన్నా పిచ్చా? వస ఎక్కువైతే కడుపులో ఉండేదంతా బయటికొస్తాది!" అన్నాను.

"నువ్వు అడ్డం రావద్దు చెన్నమ్మా."

పిల్ల కళ్లు మూసుకుని నమిలింది. కుందారపల్లి దాటకముందే వాంతులు. బస్సు ఆపించి, రోడ్డు పక్కన దాని నడుము పట్టుకున్నాను. అప్పుడు మా అన్న అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది: "మంచిదేలే, కఫమంతా పోయింది."

పరీక్ష గదిలోకి ఆడతోడుగా నన్ను రానిచ్చారు. తండ్రిని బయటే ఉండమన్నారు. పరీక్ష చేసే పెద్దాయన పద్మనాభం గారు, "పాడమ్మా" అన్నారు. భువన రెండు చేతులూ జోడించింది. దండం పెట్టి మొదలుపెడుతుందనుకున్నాను.

"సార్, మీ కాళ్లకు మొక్కుతాను. నన్ను ఫెయిల్ చేసేయండి."

పెద్దాయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు.

"పాటంటే ఇష్టం లేదా అమ్మా?"

"పాటంటే ప్రాణం సార్. మా నాయన వింటా ఉంటేనే భయం."

నేను తలుపు వైపు తిరిగాను. అది సరిగా మూసుకోలేదు. ఆ సందులో మా అన్న! చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, తనే వెనక్కి తగ్గి వెళ్లిపోయాడు.

పద్మనాభం గారు లేచి తలుపు గడియ వేశారు. "ఇప్పుడు పాడు" అన్నారు. పాడింది. అయ్యో దేవుడా, ఇన్నాళ్లూ ఇంట్లో విన్నది ఈ గొంతునేనా! కానీ మళ్లీ కడుపులో తిప్పి సగంలోనే ఆగిపోయింది. మద్రాసుకు ఇంకెవరో వెళ్లారు.

భువన ఇప్పుడు మూకండపల్లిలో ఉంటుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు పాట నేర్పుతుంది. మా అన్న ఆనాటి సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మొన్న అన్న కొడుకు దర్శన్ పెళ్లిలో ఆడవాళ్లంతా హారతి పాట పాడమని భువనను పట్టుకున్నారు. ఆ పిల్ల నోరు తెరవబోయి, చుట్టూ చూసి ఆగిపోయింది. పెళ్లికొడుకు తండ్రి, పట్టుపంచెతో ముందు వరుసలో ఉన్న మనిషి, లేచి గబగబా బయటికి నడిచాడు! మండపమంతా నోరెళ్లబెట్టింది. వియ్యంకుడు లక్ష్మణప్ప హడలిపోయి వెంటపడ్డాడు. నేనూ పరుగెత్తాను.

"ఏం బావా, మర్యాదలో ఏమన్నా తక్కువైందా? బిడ్డ పాడబోతా ఉంటే పోతా ఉండారే!"

"మీది తప్పేమీ లేదు బావా," అన్నాడు మా అన్న, చెప్పులు వెతుక్కుంటూ. "నేను పోతేనే అది పాడేది."