పదో బాతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ విసుగు తెప్పించిన మనిషి ఒక్కరే, మా మామ్మ. మా నాన్నకు అమ్మ. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే ఓ మాట అనేసి ఊరుకునేవాళ్ళం. మంచిది కావడమే మాకు వచ్చిన చిక్కు. తోటకూర పది కట్టలు కోస్తే ఒక కట్ట పక్కన పెట్టేది. పది గుడ్లు పోగైతే ఒకటి తీసేసేది. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీయించి వేరే ముంతలో వేయించేది. అదంతా దేవుడిదట. దేవుడిదంటే ఆదివారం మా ప్రార్థన పాక పంతులుగారింటికి వెళ్ళిపోయేదన్నమాట.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. మాది నిడదవోలుకు దిగువన, కాలవ గట్టు పక్కన చిన్న పేట. నాన్న ఒక కామందు దగ్గర పాలేరు. అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళేది. మామ్మ పిల్లగా ఉన్నప్పుడు ధవళేశ్వరంలో ఆనకట్టకు రాళ్ళు మోసిందట. ఆ మోతకే తన నడుం వంగిపోయిందని చెప్పేది. పెద్దతనంలో బాప్తిస్మం తీసుకుని, తనతో పాటు ఇంటిల్లిపాదినీ సంఘంలో చేర్చింది. చదువు రాదు. కానీ పంతులుగారు ఏ వాక్యం చదివినా ఒక్కసారి వింటే చాలు, ఇక మరిచిపోయేది కాదు. అదే మా ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ఏడు మాకు బాతులుండేవి. పొదిగే కోడి కింద బాతు గుడ్లు పెడితే పది పిల్లలయ్యాయి. పదీ బతికాయి. ఒక్కదాన్ని గద్ద ఎత్తుకుపోయి ఉంటే నేను మీకు చెప్పడానికి ఈ సంగతే ఉండేది కాదు. వాటిని కాసేది నేను. పొద్దున్నే లేచి, చేలకు నీళ్ళు పారే పంటబోదెల్లో నత్తలు ఏరి తెచ్చేదాన్ని. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలకు తోలుకెళ్ళేదాన్ని. వాటిల్లో గోధుమరంగు ఆడబాతు ఒకటుండేది. తక్కినవి పెడదామా వద్దా అని ఆలోచిస్తుండగానే అది తప్పకుండా గుడ్డు పెట్టేది. ఆ గుడ్లు కొట్లో ఇచ్చి ఉప్పూ, దీపానికి నూనే తెచ్చుకునేవాళ్ళం. అచ్చం దాని రంగుదే ఇంకొకటుండేది. పిల్లగా ఉన్నప్పుడు కోడి తొక్కడంతో దాని కాలు వంకరపోయింది. అది గుడ్డు పెట్టిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం పంతులుగారు ప్రార్థనలో, పూర్వం భక్తులు తమ మందను కర్ర కింద నుంచి నడిపించేవారనీ, పదోది దేవుడిదయ్యేదనీ, అది మంచిదా చెడ్డదా అని ఏరకూడదనీ చెప్పారు. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మామ్మ మాత్రం మొహం వెలిగిపోతూ తలూపుతోంది.

ఆ శనివారం తెల్లవారేసరికి మామ్మ బాతుల గూటి ముందు చతికిలబడి, చేతికర్రను గుమ్మానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. నన్ను తలుపు తియ్యమంది. బాతులు ఒక్కొక్కటే కర్ర కింద నుంచి బయటికి వస్తుంటే వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. కుంటిది కూడా నాలుగోదో ఐదోదో వచ్చేసింది. తొమ్మిది వచ్చి ఆగిపోయాయి. గూట్లో ఇంకొకటుంది. ఎంతకీ రాదు. నేను వంగి చూద్దును కదా, మా గోధుమరంగుది తీరిగ్గా గుడ్డు పెడుతోంది! పని ముగించుకుని, రెక్కలు విదిలించుకుని, అన్నిటికంటే చివర అది బయటికొచ్చింది. మామ్మ ఆకు వక్కకు దాచుకున్న సున్నపుకాయలోంచి వేలితో ఇంత సున్నం తీసి దాని వీపు మీద పులిమింది.

అమ్మ చీపురు కింద పడేసింది. “అత్తా, ఉన్నవాటిల్లో సరిగ్గా పెట్టేది అదొక్కటే. పోయి పోయి దాన్నే ఇస్తావా?”

“నేనేమైనా ఏరానటే? అదే వచ్చింది,” అంది మామ్మ.

అమ్మ చీపురందుకుని, పాకలో లేని దుమ్మంతా ఊడ్చింది. నాన్న అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాడు. ఉన్నా ఏమీ అనేవాడు కాదు. తల్లి మాటకు ఎదురు చెప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నత్తలు ఏరింది నేను. జలగలు కరిపించుకున్నది నేను. ఇచ్చేది ఆవిడ! బాతుల్ని బోదె దగ్గరికి తోలుకెళ్ళి, గోధుమరంగుదాన్ని పట్టుకుని సున్నమంతా కడిగేశాను. ఇంటికొచ్చి, మామ్మ కునుకు తీస్తుండగా సున్నపుకాయలో వేలు పెట్టి, అంతే సున్నం కుంటిదాని వీపు మీద పులిమాను. మామ్మకు చూపు సరిగ్గా ఆనదు. రెండూ ఒకటే రంగు. అంతా కుదిరిందనుకున్నాను. బాతు నడుస్తుందన్న సంగతే నాకు తట్టలేదు.

మధ్యాహ్నం మామ్మ గంప తెచ్చుకుని బాతు కోసం చూసింది. సున్నం మరకతో అది కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చింది. మామ్మ దాన్ని పట్టుకుని కాలు తడిమింది.

“పొద్దున్న బాగానే నడిచింది కదే?”

“గట్టు మీంచి జారింది మామ్మా.”

“జారితే కాలు విరుగుద్ది. వంకర తిరిగి ఎండిపోద్దేంటి?”

నేను నేల చూశాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. అవేవీ చెయ్యకుండా నెమ్మదిగా, లోపల దాచుకున్నదేదో వెతికి తీస్తున్నట్టుగా చెప్పింది. “ఆ రోజు పంతులుగారు ఇంకో మాట కూడా చదివాడు. నువ్వు నిద్రపోయుంటావు. మార్చకూడదంట. ఎవరన్నా మారిస్తే అదీ ఇదీ రెండూ ఆయనవే అయిపోతాయంట.”

ఆ మాటకు లోపలున్న అమ్మ నెత్తి కొట్టుకున్న చప్పుడు నాకు వినపడింది. ఒక్కటి పోకుండా చూడబోయి రెండు పోగొట్టాను. మామ్మ రెంటినీ గంపలో పెట్టి, పైన పాత చీర ముక్క కట్టి నా నెత్తికెత్తింది. “మార్చింది నువ్వేగా. నువ్వే పట్టుకెళ్ళు,” అంది.

పంతులుగారి ఇల్లు కాలవ లాకులు దాటి అవతలి పేటలో, ప్రార్థన పాక పక్కనే ఉండేది. కాలవ గట్టు మీద ఎండలో నడుస్తూ మామ్మను తిట్టుకున్నాను. ఎక్కడా లేని వాక్యం పట్టుకొచ్చిన పంతులుగారిని తిట్టుకున్నాను. సరిగ్గా ఆ పొద్దున్నే తీరిగ్గా గుడ్డు పెడుతూ కూర్చున్న బాతును కూడా తిట్టుకున్నాను. గంపలో అవి రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నా నెత్తి మీద గోల చేస్తూనే ఉన్నాయి.

పంతులుగారు పక్కూళ్ళో ఎవరికో ప్రార్థన చెయ్యడానికి వెళ్ళారు. ఆయన భార్యను మేము పంతులమ్మగారు అనేవాళ్ళం. వసారాలో చేట ముందు పెట్టుకుని ఆవిడ బియ్యం ఏరుతోంది. సంఘంలోని ఆడవాళ్ళు ఇంటింటికీ గుప్పెడు చొప్పున తీసి పంపిన బియ్యమే అది. సగం నూక, సగం పురుగు. పక్కన పుచ్చు వంకాయలు, ఒక వైపు కుళ్ళిన అరటిపళ్ళు, ముదిరి చెక్కలా అయిపోయిన సొరకాయ. ఆవిడ ఇద్దరు పిల్లలూ ఆ వంకాయల్లో పనికొచ్చే ముక్కలు కోసి వేరు చేస్తున్నారు. నేను వచ్చిన అలికిడి ఆవిడ వినలేదు. చేట విసురుగా చెరుగుతూ తనలో తనే అనుకుంటోంది.

“ఒక్కటి! ఒక్కటంటే ఒక్కటి లేతకాయ పంపరు కదా! దేవుడనగానే పుచ్చిందే గుర్తొస్తుందేమో వీళ్ళకి!”

ఆ సొరకాయ మాదే. దాని నెత్తిన ఉన్న గాటు నాకు తెలుసు. మా పందిరి మీద ముదిరిపోయిందని అమ్మ కిందటి వారం మామ్మకు తెలియకుండా పంపేసింది.

పంతులమ్మగారు తలెత్తి నన్ను చూసి గతుక్కుమంది. తన మాటలు విన్నానేమోనని సిగ్గుపడింది. “రామ్మా, ఎండన పడొచ్చావు,” అంటూ గంప దించుకుంది. గుడ్డ విప్పగానే కుంటిది ముందు బయటికొచ్చి, మూడడుగులు వేసి కూలబడింది. ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పులో ఆశ్చర్యమేమీ లేదు. అలవాటైపోయిన మనిషి విడిచే నిట్టూర్పు. “పోనీలే, అదీ ప్రాణమే,” అంది.

తర్వాత గంపలోకి చూసి గోధుమరంగుదాన్ని పైకి తీసింది. పొట్ట కింద చెయ్యి పెట్టి నిమిరింది. ఈకలు సవరించింది. మళ్ళీ నిమిరింది. ఆవిడ మొహం మారిపోయింది.

“ఇది గుడ్లు పెట్టే బాతమ్మా. పొరపాటున వచ్చిందేమో. మీ మామ్మగారికి చూపు ఆనదు కదా.”

నేను వంగి, జారిన గంపగుడ్డ మడతపెట్టసాగాను.

“పొరపాటేనా? చెప్పమ్మా. నేనేం అనుకోను. తీసుకెళ్ళిపో.”

“అవునండి,” అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆవిడే అడిగింది, నేను ఔనన్నాను, అంతే. ఆవిడ బాతును జాగ్రత్తగా గంపలో పెట్టి గుడ్డ కట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి, ఉట్టి మీది ముంతలోంచి బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. తన పిల్లలిద్దరూ ఆ ముక్కను చూసి కత్తిపీట దగ్గర చేతులు ఆపేశారు. వాళ్ళకి పెట్టలేదు. ఒక్క ముక్కే ఉన్నట్టుంది. “అంత దూరం నడిచొచ్చావు, తింటూ వెళ్ళు,” అంది.

లాకుల దాకా వచ్చేశాను. బెల్లం నోట్లో పెట్టుకున్నాను. మంచి బెల్లం. ఇసుక లేదు, చేదు లేదు. ఆ ఇంట్లో నా కంట పడినవాటిల్లో చెడిపోనిది అదొక్కటే. దాన్ని తెచ్చి నాకు పెట్టింది. అప్పుడు నాకు దేవుడు గుర్తొచ్చాడని చెబితే మీరు సంతోషిస్తారు. కానీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది పట్టరాని కోపం. ఆవిడ ఆ బెల్లం పెట్టకుండా ఉంటే హాయిగా ఇంటికి వెళ్ళిపోయేదాన్ని కదా! ఉమ్మేద్దామంటే అప్పటికే కరిగిపోయింది. లాకుల దగ్గర కాసేపు నిలబడి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెనక్కి తిరిగాను.

గంప ఆవిడ ముందు దించి, “పొరపాటు కాదండి. మామ్మ కావాలనే పంపింది. కుంటిదాన్ని పెట్టింది నేను,” అన్నాను.

“మరి ఇందాక అవునన్నావేంటి?” అని ఆవిడ గట్టిగా కసిరింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నా తల నిమిరింది. అంతలో చిన్నపిల్ల బాతును ఒళ్ళో పెట్టుకుని, “అమ్మా, ఇది మనదేనా? నిజంగా మనదేనా?” అని అడగడం మొదలుపెట్టింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “మనదే,” అంది.

ఇంటికి వచ్చాక మామ్మ నన్నేమీ అడగలేదు. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ నెలంతా దీపం తొందరగా ఆర్పేశాం. రెండిస్తే దేవుడు ఇరవై ఇచ్చాడని చెప్పాలని నాకూ ఉంటుంది. ఇవ్వలేదు. మిగిలిన ఎనిమిదింట్లో రెంటిని నక్క ఎత్తుకుపోయింది. మామ్మ మాత్రం పదో కట్టా, పదో గుడ్డూ తియ్యడం మానలేదు.

ఒక్కటి జరిగింది. మూడో రోజున అమ్మతో సొరకాయ సంగతి చెప్పాను. “ఆ కాయ మనదేనని ఆవిడకి తెలుసా?” అంది అమ్మ. తెలియదన్నాను. “మరి నువ్వెందుకు చూశావు?” అని నా మీద విరుచుకుపడింది. ఆ ఆదివారం తెల్లవారి పందిరి కింద నిలబడి, గొణుక్కుంటూ, ఒకటి తాకి వదిలి, ఇంకొకటి తాకి వదిలి, చివరికి నూగు కూడా రాలని లేతకాయ కోసి గంపలో పడేసింది. పెట్టలేదు, పడేసింది.

అమ్మ పోలికే నాకు వచ్చింది. ఇన్నేళ్ళు ప్రార్థనకు వెళ్ళినా సంతోషంగా ఇవ్వడం నాకు పట్టుబడలేదు. ఏదైనా ఇవ్వాల్సి వస్తే చెయ్యి ముందు పాతదాని మీదికే పోతుంది. అప్పుడు, పొరపాటున వచ్చిందేమోనన్న పంతులమ్మగారి మాట చెవిలో పడుతుంది. మంచిదాన్ని చూసి అలా భయపడే గతి మనిషికి పట్టించింది మాబోటి వాళ్ళమే కదా అనిపిస్తుంది. నా మీద నాకే విసుగొచ్చి పాతదాని మీంచి చెయ్యి తీసేస్తాను.

మొన్న వానల్లో మా సంఘంలో ఒకామె పాక కూలిపోయింది. మా పెట్టెలో రెండు దుప్పట్లున్నాయి. పైనున్నది చిరుగులది, దాన్నే తీశాను. మళ్ళీ లోపల పెట్టి అడుగునున్నది తీశాను. మా కోడలు మూతి ముడుచుకుంది. కోడలి తప్పేమీ లేదు. నాకూ ప్రాణం ఉసూరుమంటూనే ఉంది. పాక కూలినామె దుప్పటి మడత విప్పి చూసి, “ఇది కొత్తదండీ, మామ్మగారూ,” అంది.

“తెలుసు,” అన్నాను. కాస్త కసురుకున్నట్టే అన్నాను.