బాబాయి చేతికి సరిపడా చేపలు

పోయిన నెల ఒక ఉదయం పక్కింటి బాబాయి పిట్టగోడ దగ్గరికి వచ్చి, “అమ్మా, మీ పిన్ని ఎంత పిలిసినా లెగట్లేదు” అన్నాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికే పిన్ని వెళ్లిపోయింది.

మాకు చుట్టరికం లేదు. మల్కాపురంలో ఏళ్ల తరబడి గోడకు అటూ ఇటూ బతికాం. నేను ఏ కష్టం మోసుకుంటూ వెళ్లినా, పిన్ని ముందు “టీ తాగీసావేటమ్మా?” అని అడిగేది. గ్లాసు చేతిలో పెట్టాకే మాట.

బాబాయి పోర్టులో పనిచేసి రిటైరయ్యాక పెరట్లో చిన్న సిమెంటు కొలను కట్టి రంగు చేపలు వదిలాడు. అవి పిల్లలు పెట్టి కొలను నిండిపోయింది. నిరుడు పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నీళ్లు మార్చే పని పిన్ని మీద పడింది. పూడ్చేయమని బంధువులు చెప్తే, “పూడ్సేత్తే పొద్దున్న లెగిసి ఆయన ఎక్కడికెల్తాడు?” అంది.

ఈ వేసవిలో చేపలు కిక్కిరిసి, గాలి చాలక పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. తగ్గించాలి సరే, ఎన్ని ఉంచాలి? పిన్ని ఆయన ఎడమచేతికి మగ్గు ఇచ్చి నీళ్లు మార్చమంది. తను మెట్టు మీద కూర్చుంది.

“సూత్తా కూకున్నావేటే? పట్టు!” అని బాబాయి అరిచేవాడు.

“నాను పట్టను.”

రోజూ ఇదే. ఆవిడ మనసు ఇంత రాయేమిటా అనుకున్నాను. చివరికి పిన్ని ఆరు చేపలు చాలంది.

“ఇంత కొలనుకి ఆరేటి?” అని బాబాయి కసిరాడు.

“కొలను సూసి కాదు, నీ సెయ్యి సూసి సెప్తన్నాను.”

ఆయన లోపలికెళ్లి ఆ పూట అన్నం ముట్టలేదు. పిన్ని నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “నా గుండె బాలేదని డాక్టరు సెప్పాడమ్మా. ఆయనకి సెప్పకు. నాను లేనప్పుడు ఒక్క సేప సచ్చి తేలినా, తన వల్లేనని కుమిలిపోతాడు.”

మర్నాడు, “ఏ ఆరో నువ్వే సెప్పు” అని ఆయన్ని బతిమాలింది. ఆయన ఆఖరికి వేలితో ఒక్కొక్కటే చూపించాడు. మిగతావి పిన్ని వీధిలో ఇంటింటికీ పంచింది.

పెద్దకర్మ అయిన మర్నాడు కొలను నీళ్లు మారుద్దామని వెళ్లాను.

“వద్దమ్మా. నాను సేత్తాను.”

బాబాయి గట్టు మీద కూర్చుని ఎడమచేత్తోనే నీళ్లు మార్చి, పని అయ్యాక ఆ చెయ్యి నీళ్లలో వదిలాడు. చేపలొచ్చి వేళ్లను పొడుస్తున్నాయి. ఆయన చెయ్యి తీయలేదు.