వంకలో దిగబడని బండి

2003 మార్చి మొదటి వారం. పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా కాన్వాయ్ అనంతపురం జిల్లా కంబదూరు దాటి ఆగింది. మూడు ట్రక్కులు, రెండు జీపులు, ఒక నీళ్ల ట్రైలర్. మొత్తం ముప్పై నాలుగు మందిమి. ట్రక్కు వెనక తలుపు దించగానే వేడిగాలి ముఖాన కొట్టింది. ఎక్కడా నీడ లేదు. కనుచూపు మేర ఎర్రమట్టి, గులకరాళ్లు, చేతికి రాని వేరుశనగ చేలు. మిగతావాళ్లు వింతగా చూశారు. నాకేం వింత? నాది బత్తలపల్లె దగ్గర పల్లె. అప్పటికి పదమూడేళ్ల సర్వీసులో మంచు చూశాను, ఎడారి చూశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడటం మాత్రం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు అనంతపురంలో నన్ను చూసిన ప్రతివాడూ సరిహద్దు కథలు చెప్పమంటాడు. మంచులో కాళ్లు పోయాయా, తుపాకి ఎన్నిసార్లు పేల్చావు అంటాడు. ఆ కథలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కంబదూరులో యాభై రెండు రోజుల సంగతి చెబుతాను. నాకు ఇప్పటికీ కడుపు మండేది దాని గురించే.

మా పని సర్వే. పాత మ్యాపుల్లో గీసిన గుట్టలు, వాగులు, వంకలు, దారులు నేల మీద ఉన్నాయో లేవో చూసి సరిదిద్దడం. నేను వాహనాల మెకానిక్‌ని, నాయక్ ర్యాంకు. అయిదున్నరకు ఇంజన్లు చూడాలి, ఆరింటికి జీపులు కదలాలి, పదకొండుకు తిరిగి రావాలి. ఆ తర్వాత ఎండలో పనిముట్టు పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. మనిషికి రోజుకు పన్నెండు లీటర్ల నీళ్లు, తాగడానికీ స్నానానికీ కలిపి. ఎయిర్ ఫిల్టర్లు రోజుకు రెండుసార్లు దులపాల్సి వచ్చేది.

వైర్‌లెస్ ఆపరేటర్ గోదావరి జిల్లావాడు. మొదటిరోజే జీపులోంచి సెట్టులో పలికాడు. "బేస్, మ్యాపులో నీలం గీత ఉన్నచోటికి వచ్చాం. ఇక్కడ ఇసకుంది. నది మీ దగ్గరికేమైనా వచ్చిందేమో చూడండి. ఓవర్."

క్యాంపు స్థలం ఒక రోడ్ల కాంట్రాక్టరుది. అతని కంకర మిషన్ పక్కన ఖాళీ నేల. మా ట్రైలరు నింపుకునేది కూడా అతని బోరు నుంచే. అడక్కుండానే ఇచ్చాడు. మంచివాడే అనుకున్నాను, నాలుగు రోజుల పాటు.

అయిదోరోజు అతని బండి క్యాంపులోకి వచ్చింది. బయటిదేశం నుంచి తెప్పించిన ఏడు సీట్ల ఫోర్ వీల్ డ్రైవ్. తెల్లటి రంగు, తోలు సీట్లు, మూడు వరసలకూ ఏసీ, వెనక పిల్లలు చూడటానికి చిన్న టీవీ. బరువు రెండున్నర టన్నులకు దగ్గర. అబద్ధమెందుకు, బానెట్ ఎత్తి ఒకటికి రెండుసార్లు చూశాను నేను.

"ఏమప్పా మిలిట్రీ, ఎట్లుండాది?" అన్నాడు కాంట్రాక్టరు.

"బాగుండాది అన్నా."

"బాగుంటే ఏం లాభం? నా చీనీ తోటకు పోయే దావలో వంక ఉండాది. ఆడికి పోతే ఇసకలో కూలబడతాది. వారం వారం ఇదే గోస. ఇంట్లో ఆడోళ్లు నన్ను తిడతాండారు. మీ మిలిట్రీ బండ్ల మాదిరి యాడికైనా పోయేట్ల చేయల్ల దీన్ని. ఏమేం మార్చల్లో రాసియ్యి, బెంగుళూరులో చేపిస్తా."

ఆ సాయంత్రం మా క్యాంపు అధికారి మేజర్ సాబ్ పిలిచారు. "కాగితం మీద ప్లాన్ ఇవ్వు. స్పానర్ పట్టొద్దు. అతని నీళ్లు తాగుతున్నాం." అంతే, ఆర్డరైపోయింది.

ఆదివారం పొద్దున ఆరుంబావుకు అతని పక్క సీట్లో కూర్చుని ఆ బత్తాయి తోట దారి చూడటానికి బయల్దేరాను. మా పద్ధతిలో దారి కాగితానికి మూడు గళ్లు ఉంటాయి. ఎదురైన అడ్డంకి ఒక గడి, దాని కారణం ఒక గడి, ఉపాయం ఒక గడి. మూడూ నింపందే కాగితం చెల్లదు. చెయ్యి అలా అలవాటుపడిపోయింది.

మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నున్నటి నల్లరాయి పాతి ఉంది. వంక అవతలి ఊరికి తారు రోడ్డు పూర్తయిందని చెక్కి, కింద ఇతని పేరు. తారు నాలుగు వందల మీటర్లు ఉంది. రాయి దగ్గర నిలబడి చూస్తే ఎంత దూరం కనబడుతుందో అంతవరకే వేశాడు. ఒకటింబావు కిలోమీటరు దగ్గర లేచిన గులకరాళ్లు, టైరు పక్కగోడలు కోసేవి. రెండున్నర దగ్గర ట్రాక్టరు చక్రాలు తొక్కిన గాడులు, బండి పొట్ట నేలకు తగిలేంత లోతు. మూడు కిలోమీటర్ల తొమ్మిది వందల మీటర్ల దగ్గర వంక. రెండువైపులా గట్లు నిలువుగా తెగి ఉన్నాయి. నడుమ ముప్పై అయిదు మీటర్ల వదులు ఇసక.

ఆరూ యాభైకి అందులో దిగబడ్డాం.

మా అక్కను ఇచ్చింది వంక అవతలి ఊరికే, అక్కడి నుంచి కిలోమీటరున్నర. ఆ ఊరి బోర్లు ముందటేడే ఎండిపోయాయి. నీళ్ల ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తుంది, అదీ ఇవతలి గట్టు దాకానే. నిండు ట్యాంకుతో ఒకసారి వంకలోకి దిగబోయి బోల్తా పడింది, డ్రైవరు కాలు విరిగింది. అప్పట్నుంచి గట్టు మీద సిమెంటు తొట్టిలో పోసి వెళ్లిపోతుంది. ఊరి ఆడవాళ్లు అక్కడి నుంచి మోసుకోవాలి. వంక మీద మోరీ, అంటే పైపులు పరిచి చిన్న వంతెన, కడితే ట్యాంకరు నేరుగా ఊళ్లోకి పోతుంది. ఆ రోడ్డు కాంట్రాక్టులోనే మోరీకని ఇతను తెచ్చిన సిమెంటు పైపులు ఆరు రెండేళ్లుగా గట్టునే పడి ఉన్నాయి. వాటి నీడలో గొర్రెపిల్లలు పడుకునేవి.

పదిమంది ఆడవాళ్లు బిందెలు దించి బండి దగ్గరికి వచ్చారు. అందులో మా అక్క ఉంది. నన్ను చూసి, నన్ను దాటుకుని అతని వైపుకు పోయింది. ముందు కిటికీ అద్దం మీద వేలితో కొట్టింది. అద్దం దిగింది.

"అన్నా, మోరీ ఎప్పుడు కడతావు?"

"ఉగాది పోనీమ్మా. పైపులు పెట్టిస్తా. నాకు మాత్రం బాధ లేదా? మీతో పాటు నేనూ కూలబడతాండా గదా."

"ఉగాది అంటే మూడు వారాలు. మేం మర్చిపోం."

"మర్చిపోవద్దులే, తోయండి ముందు."

తోశారు. అతనూ దిగి తోశాడు. బూట్ల నిండా ఇసక, చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. ఆ పూట అతను మనసులోంచే అన్నాడని నేను నమ్ముతాను. దిగబడినవాడి మాట నిజంగానే ఉంటుంది.

మా ట్రైలరును ఒక్క ట్రిప్పు ఆ ఊరికి పంపమని మేజర్ సాబ్‌ను అడిగాను. పౌరులకు నీళ్లు పంచే ఆర్డర్లు లేవన్నారు. కాంట్రాక్టరు బండికి ప్లాన్ రాసే ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలని నోటిదాకా వచ్చింది. నాయక్ అడగడు.

మంగళవారం నాలుగు నుంచి ఏడు దాకా పాస్ తీసుకుని, వంటశాల సైకిలు మీద అక్క ఇంటికి వెళ్లాను. సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. తినే మనిషిని మధ్యలో ఆపే అలవాటు లేదు తనకు. చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"ఆ బండికి మందు రాసిచ్చేది నువ్వేనంట గదా?"

"కాగితం మీదే అక్కా. ఆర్డరు."

"ఓబులేసూ, ఒక మాట ఇను. ఆ బండి ఇసకలో కూలబడినంతకాలమే ఆయప్ప మా మాట ఇంటాడు. అద్దం దించుతాడు. వారానికి ఒక్కతూరి మాకు దొరికేది ఆడనే. నువ్వు దాన్ని ఎగిరిపోయేట్ల చేసినావంటే ఇంగ ఆయప్పను యాడ పట్టుకునేది మేము?"

"నేను రాయకపోతే బెంగుళూరోళ్లు రాస్తారు."

"రాయనీ. వాళ్లు నాకేమవుతారు? నువ్వు నా తమ్ముడివి."

సైకిలెక్కి వచ్చేశాను.

క్యాంపులో ఆపరేటర్‌కు చెప్పాను. వాడు తేలిగ్గా తీసుకున్నాడు. "తప్పు రాసెయ్, గురూ. స్ప్రింగు నంబరు ఒక్కటి మార్చావంటే, ఆ బండి హిందూపురం కూడా చేరదు."

"నా చేతిరాతతో తప్పు నంబరా?" అని గట్టిగానే అన్నాను. నా గర్వం అలాంటిది. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అప్పటికే ఆ బండి నా బుర్రలోకి ఎక్కేసింది. నాలుగు రాత్రులు కొలతలు వేశాను. పక్కన కాలుపెట్టే పలకలు తీసేయాలి, అవి రాళ్లకు తగులుతాయి. స్ప్రింగులు మార్చి రెండంగుళాలు ఎత్తాలి. మందపు పక్కగోడల టైర్లు వేసి, ఇసకలో గాలి పద్దెనిమిది పౌండ్లకు తగ్గించాలి. పొట్ట కింద ఇనుప పలక. ముందు బంపరుకు దిగబడిన బండిని తాడుతో లాగే విన్చ్, దాని బరువుకు ముందు స్ప్రింగులు ఇంకాస్త గట్టివి. ఎత్తు పెరిగినందుకు బ్రేకు గొట్టాలు పొడుగువి.

కాంట్రాక్టరు ఇంకొకటి అడిగాడు. బానెట్ పక్క నుంచి పైకప్పు దాకా పోయే గాలి గొట్టం. ఏదో పుస్తకంలో బొమ్మ చూశాడట.

"దేనికన్నా అది?"

"ఏట్లో దిగినప్పుడు ఇంజన్లోకి నీళ్లు పోకుండా."

ఏ ఏరు? తొట్టి దగ్గర ఆడవాళ్లు ఆఖరి చెంబు కోసం గొడవపడే నేల మీద, ఇతని ఇంజనుకు నీళ్ల భయం. ఆపరేటర్ గుడారం వెనక్కి పోయి నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ దుమ్ముకు పనికొస్తుంది, నీళ్లకు కాదు అని రాశాను. అది కూడా సరైన మాటే.

నడిమి గడి కూడా నింపాను. అడ్డంకి: గులకరాళ్లు. కారణం: కంకర పరిచి తారు వేయలేదు. అడ్డంకి: చక్రాల గాడులు. కారణం: రోలరు తిరగలేదు. అడ్డంకి: వంక. కారణం: మోరీ కట్టలేదు, పైపులు గట్టునే ఉన్నాయి. రాస్తుంటే అప్పుడు తెలిసింది. ఆ బండికి నేను చెబుతున్న ప్రతి మార్పూ ఇతను ఎగ్గొట్టిన ఒక్కో పనికి బదులు. ఊరికి వేయాల్సిన రోడ్డును విప్పి ముక్కలు చేసి ఒక్క బండికి తగిలిస్తున్నాను నేను. నాకు ఒళ్లు మండిపోయింది.

కాంట్రాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. "ఏమప్పా, బండికి రోగం చూడమంటే నాకు చూస్తాండావే," అన్నాడు. గొంతు పెంచలేదు. మేజర్ సాబ్ గుడారంలోకి వెళ్లాడు.

పావుగంటకు నన్ను పిలిచారు. "నడిమి గడి ఎవరు అడిగారు?"

"ఫారం అలాగే ఉంటుంది సాబ్."

"ఇది మన ఫారం కాదు. తీసేసి రాయి." వెళ్లబోతుంటే మళ్లీ అన్నారు. "నా మ్యాపులో ఆ రోడ్డును తారు రోడ్డని కాకుండా బండిబాటగానే గీయించాను. నా చేతిలో ఉన్నది అంతే."

ఆ మ్యాపు బీరువాలో పెట్టి తాళం వేసేది. దాన్ని మా అక్క ఎప్పుడు చూడాలి? అయినా సెల్యూట్ కొట్టాను. రెండు గళ్లతో కొత్తది రాశాను. పాతది వంటశాల పొయ్యిలో వేశాను. దాచి ఉండాల్సిందని మీరంటారు. అప్పుడు తోచలేదు.

బండి బెంగుళూరు వెళ్లింది. ఉగాది వచ్చింది, పోయింది. ఆరు వారాల్లో ఆకాశంలో ఒక్క మబ్బు కనబడలేదు.

యాభై ఒకటో రోజు సాయంత్రం అక్కకు చెప్పి వద్దామని వెళ్లాను. నాలుగూ నలభైకి వంక గట్టు మీదున్నాను. ఆ రోజు ట్యాంకరు వచ్చిపోయింది. అక్క, ఇంకో ఆరుగురు నిండు బిందెలతో ఇసకలోకి దిగుతున్నారు. పైపులు లేవు. అవి పడి ఉన్న చోట నేల మీద ఆరు తెల్లటి పట్టీలు కనబడ్డాయి. గొర్రెపిల్లలు ఆ పట్టీల మీదే ఎండలో నిలబడి ఉన్నాయి.

"పైపులు యాడికి పోయినాయి అక్కా?"

"నాలుగు దినాలాయె. లారీలో ఎత్తకపోయినారు. తోట గేటు కాడ కాలవకు వేసినారంట." నా ముఖంలోకి చూడకుండానే చెప్పింది.

అంతలో ఇంజను శబ్దం వినబడింది. ఆ శబ్దం నాకు తెలుసు. తెల్ల బండి రెండంగుళాలు ఎత్తుగా, పక్కన నల్ల గొట్టంతో గట్టు దిగింది. వేగం తగ్గలేదు. ఇసక దాటడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. నేను లెక్కపెట్టాను. ఒక్క చక్రం కూడా ఊరికే తిరగలేదు. అవతలి గట్టు ఒకే ఊపులో ఎక్కింది. నా ప్లాన్ అక్షరాలా పనిచేసింది. అద్దం దిగలేదు. నన్ను గుర్తుపట్టి రెండుసార్లు హారన్ కొట్టాడు, శభాష్ అన్నట్టు.

మరునాడు అయిదున్నరకు మా కాన్వాయ్ కదిలింది. ఆరేళ్ల తర్వాత సర్వీసు ముగించుకుని వచ్చి అనంతపురంలో షెడ్డు పెట్టాను. ఊళ్లో పెద్దవాళ్లు తమ బండ్లు ఎత్తించాలని నా దగ్గరికి వస్తారు. మీ చేతి పని గొప్పదట కదా అంటారు. ఎక్కడికి పోవాలి, ఆ దారి ఎవరు వేయాలి అని అడుగుతాను. చాలామంది మళ్లీ రారు. రాకపోతే పోయారు.

సరిహద్దులో చూసినవి చాలా మర్చిపోయాను. ఆ సాయంత్రం మర్చిపోలేదు. బండి దాటగానే దుమ్ము వంకంతా కమ్మేసింది. ఏడుగురు ఆడవాళ్లు పక్కకు జరిగి నిలబడ్డారు. ఖాళీగా ఉన్న చేత్తో కొంగు లాగి, ఏడుగురూ ఒకేసారి బిందెల మూతులు కప్పారు. ముఖాలు ఎవరూ కప్పుకోలేదు.

దుమ్ము అణిగాక అక్క నా దగ్గరికి వచ్చింది. కనురెప్పల మీద కూడా ఎర్రమట్టి. బిందె దించి, కొంగు తీసి, చెంబుతో నీళ్లు ముంచింది. నీళ్లలో నలుసు లేదు.

"ఎండనబడి వచ్చినావు," అంది. "తాగు."