పక్క కుర్చీ

ఈ నాలుగు ముక్కలు ఇంతకుముందే రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. తమ్ముళ్లు బడికి వెళ్తే చంటి చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయాను, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, వంట. మన కాలం ఆడవాళ్లలో చాలామంది సంగతి ఇదే కదా. న్యూజిలాండ్‌లో రోటోటూనా అనే ఊళ్లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వచ్చాక, మనవరాలి పుణ్యమా అని, జుట్టంతా నెరిశాక అక్షరాలు దిద్దాను. మొన్న సాయంత్రం వెల్లింగ్టన్ నుంచి ఆ పిల్ల ఫోను చేసేసరికి ఆ రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

హైస్కూలు ఆఖరి ఏడాది దానికి వారంలో కొన్ని రోజులు బడిలో, మిగతా రోజులు ఇంట్లో లాప్‌టాప్ ముందు చదువు. ఇంట్లో ఉన్న రోజు మంచం మీద వాలి పాఠం వింటూనే నిద్రపోయేది, టీచర్లు అడిగినవి పంపడం మరిచిపోయేది. ఒకరోజు నేను భోజనాల బల్ల దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే, లాప్‌టాప్‌తో వచ్చి నా పక్కన చేరి ఆ రోజు చదువంతా ముగించింది. ఇక అప్పటినుంచి నేను పక్క కుర్చీలో కూర్చుంటే తప్ప లాప్‌టాప్ తెరిచేది కాదు. ఊరికే కూర్చుంటే నాకు తోచదని, తనకీ చదవడం రాని తెలుగు అక్షరాల వీడియోలు వెతికి నా ఫోనులో పెట్టి, దిద్దుకోడానికి ఒక నోటుపుస్తకం ముందుంచి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించేది. అలా ఒకే బల్ల దగ్గర ఇద్దరం చదువుకున్నాం.

మా అమ్మాయికి మాత్రం బెంగ పట్టుకుంది. "యూనివర్సిటీ హాస్టల్లో దీని పక్కన ఎవరు కూర్చుంటారమ్మా? నువ్వు కూడా అడ్మిషన్ తీసుకుంటావా?" అనేది. "అమ్మమ్మని సూట్‌కేస్‌లో పెట్టేసుకుంటా మమ్మీ, చిల్!" అని పిల్ల నవ్వేది. నాకు నవ్వు రాలేదు. పాఠం మొదలవగానే పోపు మాడుతోందనో, కొత్తిమీర మడికి నీళ్లు పెట్టాలనో, వీధి చివర డెయిరీ షాపులో పాలు తేవాలనో లేచి వెళ్లడం మొదలుపెట్టాను. తిరిగొచ్చేసరికి ఒక్కోసారి చదువుకుంటూ ఉండేది, ఒక్కోసారి బల్ల మీద తల పెట్టి నిద్రపోతూ ఉండేది. హాస్టలుకి పంపేనాటికి కూడా అది ఒంటరిగా చదువుకోగలదో లేదో తేలలేదు. అది వెళ్లాక నేనూ పుస్తకం ముట్టలేదు.

మొన్న ఫోనులో, "అమ్మమ్మా, ఫస్ట్ టెస్ట్ పాసయ్యా! ఇక్కడా హాఫ్ లెక్చర్లు లాప్‌టాప్‌లోనే. స్టార్టింగ్‌లో నువ్వు పోపు చూడ్డానికి వెళ్లావనుకుని చదివేదాన్ని. ఇప్పుడు అది కూడా అనుకోవట్లే" అంది. గుండెల మీంచి బరువు దిగిపోయింది. మా అమ్మాయి ఫోను లాక్కుని మార్కులు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. పెట్టేసే ముందు, "మరి నీ లెసన్స్ ఎంతవరకు వచ్చాయి?" అని పిల్ల అడిగితే ఏదో నసిగాను.

మన రోజుల్లో బడి అంటే ఎదురుగా నిలబడ్డ మేష్టారు, చేతిలో బెత్తం. ఇప్పటి పిల్లలని కూర్చోబెట్టేవాళ్లు లేరు, తమని తామే కూర్చోబెట్టుకోవాలి. అది నేర్చుకున్న పిల్లకి ఇక నా అవసరం లేదు. సంతోషమే, అయినా మనసులో ఒక మూల కాస్త వెలితి.

మర్నాడు పొద్దున అందరూ వెళ్లాక, బల్ల దగ్గర దాని చోట్లో కూర్చుని, హెడ్‌ఫోన్లు నేనే తగిలించుకుని ఆగిపోయిన పాఠం పెట్టాను. అది పూర్తయ్యేవరకు పోపు కోసం కూడా లేవలేదు. ఆ తర్వాత పుస్తకం తెరిచి ఇది మొదలుపెట్టాను. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.