సూదికి వచ్చిన రోషం

మా అత్త పుట్టిల్లు పుంగనూరు. ఆ ఊరి ఆవు మాదిరే మనిషి పొట్టి, గట్టి. ఆమె లెక్కన లోకంలోని రోగాలన్నీ నా పుట్టిల్లు కుప్పం నుంచే వస్తాయి. మదనపల్లెలో ఆమె ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి నేను తుమ్మినా సరే, "కుప్పం గాలి" అనేది.

నాకు ఆడబిడ్డ పుట్టింది. మొదటి టీకా సూది వేయించుకొచ్చిన సాయంత్రం దాని ఒళ్లు కాలింది. కాస్త జ్వరం రావచ్చని నర్సమ్మ ముందే చెప్పింది గానీ, అత్త చెవికెక్కితే కదా! ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం. ఘాటు వస్తే దిష్టి లేనట్టే లెక్క. దాంతో నేరమంతా సూది మీద పడింది.

తెల్లారేసరికి జ్వరం తగ్గింది, అత్త కోపం తగ్గలేదు. "బాగుండే బిడ్డకు జ్వరం పొడిపించుకోనొచ్చినావు. ఇంగ ఇంకో సూది మాట ఎత్తినావంటే సూడు!" అని తీర్పు చెప్పింది. మా ఆయన టమాటా మండీలో ఎంతటి వాడితోనైనా బేరమాడి గెలుస్తాడు. తల్లి ముందు మాత్రం "లారీ వచ్చుంటాది" అంటూ చెప్పులేసుకున్నాడు.

రెండో సూది రోజు దగ్గరపడింది. ఆ సూది ఆపే కోరింత దగ్గు వస్తే పసిబిడ్డలు ఊపిరందక నీలంగా మారిపోతారని విన్నాను. అది నా బిడ్డకే వస్తే ఈమె మిరపకాయలు ఆపుతాయా?

సరిగ్గా సూది రోజు పొద్దున, బిడ్డను చూద్దామని మా చిన్నమ్మ కుప్పం నుంచి వచ్చింది. నా పెళ్లి భోజనాల్లో ఈ మహాతల్లి, అత్త ఆకులో ఓళిగ, అదే బొబ్బట్టు, వేసి నెయ్యి వేయడం మరిచిపోయింది. అంతే! అప్పటి నుంచీ చిన్నమ్మ గేటు తీస్తే చాలు, అత్త ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది.

"ఏమమ్మా, ఈసారన్నా నెయ్యి తెచ్చినావా?" అని మొదలుపెట్టింది అత్త.

నాకు తిక్క రేగింది. "అత్తా, సూది చేసేదీ ఇదే!" అని అరిచేశాను. "రోగం పురుగును సంపేసి, దాని ముఖం ఒంటికి సూపిస్తారు. ఒళ్లు కోపంతో కాలతాది. ఇంగ ఆ ముఖం మర్సిపోదు. రేపు నిజం పురుగు గడప తొక్కిందంటే, నీ మాదిరే తయారుగా ఉంటాది. ఆ నెయ్యి సంగతి నువ్వు మర్సిపోయినావా?"

 ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అత్త ఉయ్యాల వైపు తిరిగింది.

"అంటే... అది జ్వరం కాదు, రోషమా?"

"రోషమే అత్తా."

"అట్ల సెప్పొచ్చు గదమ్మే మొదుట్నే! మా వంశంలో రోషం లేనోళ్లు యాడుండారు?" అంటూ బిడ్డను ఎత్తుకుని నాకంటే ముందు ఆటో ఎక్కింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ సూదికి బిడ్డకు జ్వరం రాలేదు. రాకపోయినా ఒళ్లు నేర్చుకునేది నేర్చుకుంటుందని నర్సమ్మ చెప్పే పంపింది. అత్త వింటేగా! సాయంత్రమంతా బిడ్డ నుదురు తడిమి తడిమి చూసి, చివరికి నా వైపు తిరిగి ముఖం ముడుచుకుంది.

"ఏమ్మే, రవ్వంత కూడా కాల్లేదే ఒళ్లు! బిడ్డది మీ కుప్పం పోలికా ఏంది?"