పోదుం

వాషర్‌మెన్‌పేట్‌లో మా సందుకు కంకర రోడ్డు వేసినప్పుడు నీళ్లు పోసిన ఆమె ఎప్పుడూ వెనక్కే నడిచేది. పరిచిన కంకరను ప్లాస్టిక్ బిందెతో తడుపుతూ, వచ్చే రోలర్ మీదే కళ్లుంచి, వెనక్కి అడుగులు వేసేది. అది మరీ దగ్గరికి వస్తే చెయ్యెత్తి “పోదుం” అనేది. తమిళంలో చాలు అని. ఇంట్లో తెలుగే మాట్లాడినా, పనిలో ఆమెకు ఆ మాటే అలవాటు. రోలర్ ఆగేది.

ఆ రోజు ఒంగోలు నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. కంకరలో మడమ జారి ఆమె కూలబడింది.

“పోదుం! పోదుం!”

పెద్ద చక్రం చాటున ఆమె పడడం అతనికి కనపడలేదేమో, తలూపి రోలర్‌ను ఇంకా ముందుకు పోనిచ్చాడు. గుమ్మంలోంచి “ఆపు!” అని అరిచాను. ఆ మోతలో నా గొంతు అతని దాకా చేరలేదు. ఇనుప చక్రం ఆమె కాలివేళ్ల దాకా వచ్చేసింది. ఆమె బిందెను దాని కిందికి తోసింది. బిందె ఫట్‌మని పగిలాక గానీ రోలర్ ఆగలేదు.

“పోదాం పోదాం అన్నావు గదమ్మా!” అన్నాడు డ్రైవరు.

“చాలంటి నాయనా. ఈడ అట్లే అంటాం.”

ఆమె లేచి కాళ్లు తడుముకుంది. ఇంకో బిందె తెచ్చుకుని మళ్లీ రోలర్‌కు ఎదురుగా నిలబడింది.

“ఈ తూరి ‘చాలు’ అనే అంటా. ఇనపడతాదా?”

అతను తలూపాడు. రోలర్‌ను మెల్లగా కదిలించాడు. ఆమె వెనక్కి అడుగు వేసింది.