సరిసగం

కోటగిరి లింగవ్వ ఏది పెట్టినా తన రెండెడ్లకూ సరిసగమే. చెరకాకు మోపును చేతుల్లో తూచి మరీ రెండు చేస్తుంది. ఒకదాని గంగడోలు నిమిరితే రెండోదాని దగ్గరికీ వెళ్తుంది. మందు పోశాక వెదురు గొట్టాన్ని వేలితో తుడిచి నాకి చూడటం ఆమె అలవాటు. పంతొమ్మిది వందల అరవై మూడులో, చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలాల్సిన వారమే ఒక ఎద్దు జ్వరంతో మేత మానేసింది. బోధన్ పశువుల దవాఖాన నుంచి తెచ్చిన మందు సగం దానికీ, సగం బాగున్నదానికీ పోసింది. జ్వరం తగ్గకపోతే మళ్లీ దవాఖానకు వెళ్లి జరిగింది చెప్పింది.

"మంచిగున్నదానికి ఎందుకు పోసినవ్ అవ్వా?" అన్నాడు డాక్టరు.

"ఒక్కదానికే పోస్తే రెండోది చిన్నబోదా సారు? రేపు రెండు గలిసి కాడి గుంజాలె గద."

ఆయన లోపలికెళ్లి రెండు సీసాలు తెచ్చాడు. ఎర్రమూతది జబ్బుదానికి, తెల్లమూతది రెండోదానికి అని చెప్పి, తెల్లమూతదానికి పైసలొద్దన్నాడు. నాలుగో రోజుకు రెండెడ్లూ బండి లాగాయి.

మరుసటేడు మళ్లీ ఆ ఎద్దుకే జ్వరమొచ్చింది. డాక్టరు రెండు సీసాలు అందుకోబోతుంటే లింగవ్వ ఆపింది.

"ఒక్కటే ఇయ్యి సారు. బెల్లం నీళ్లు ఇంటికాడ నేనే కలుపుకుంట."